స్మాల్ బ్లైండ్‌లో నాలుగుల జత

అనూప్ చనిపోయేసరికి కారు ఇంజన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ ముందున్న పార్కింగ్ లాట్. ఫిబ్రవరి 2006, శనివారం మధ్యాహ్నం. పక్క సీట్లో ములక్కాడల కట్ట, ఇడ్లీ రవ్వ ప్యాకెట్. హీటర్ నడుస్తోంది. కారు తనకి అడ్డంగా ఉందని ఒక స్టూడెంట్ అద్దం మీద రెండుసార్లు తట్టాడు. మూడోసారి లోపలికి వంగి చూసి, ట్రాలీ అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

హాస్పిటల్‌లో హార్ట్ ఎటాక్ అన్నారు. అనూప్ పనిచేసిన సెక్షన్ డాక్టర్ మాత్రం అతని కుడి అరచేతిని లెన్స్ కింద చాలాసేపు చూశాడు. మధ్యలో ఎర్రటి చుక్క ఒకటి ఉంది.

"దోమకాటు అనుకుందామంటే ఇది చలికాలం," అన్నాడు.

సోమవారం ఉదయం లాస్ కొలీనాస్‌లో ఒక ఆఫీస్ బిల్డింగ్ ఏడో అంతస్తుకి మల్లికార్జున్‌ని పిలిచారు. తలుపు మీద ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు ఉంటుంది. ఆ తలుపు వెనక ఇంతవరకు ఎవరూ ఒక్క పాలసీ కూడా అమ్మలేదు. అది విదేశీ గూఢచారులని పట్టుకునే విభాగం, సెక్షన్ నైన్.

బల్లకి అవతల పద్మనాభం కూర్చుని ఉన్నారు. సెక్షన్ చీఫ్. లెక్కల్లో పీహెచ్‌డీ చేయడానికి అరవై తొమ్మిదిలో కాకినాడ నుంచి వచ్చి, కోడ్‌లు విప్పే పనిలోకి దిగి, ముప్ఫై ఏళ్ళుగా ఈ ఉద్యోగంలోనే ఉండిపోయిన మనిషి. మల్లికార్జున్ తండ్రికి ప్రాణస్నేహితుడు. తండ్రి హైవే మీద యాక్సిడెంట్‌లో పోయినప్పుడు మల్లికార్జున్ హైస్కూల్లో ఉన్నాడు. ఆ రోజు నుంచీ అతనికి డ్రైవింగ్ నేర్పింది, కాలేజీలో దింపింది, ఈ ఉద్యోగంలో చేర్పించింది అన్నీ పద్మనాభమే. ఆఫీసులో అందరికీ ఆయన 'సర్'. మల్లికార్జున్‌కి మాత్రం ఎప్పుడూ 'అంకుల్'.

"కూర్చోరా మల్లీ. మనకి ఏడ్చే టైమ్ లేదు," అన్నారాయన. ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్క్‌లోంచి రెండు కప్పుల్లో కాఫీ పోశారు. ఒక ఫోటో ముందుకి తోశారు. "డాక్టర్ హెల్లర్. ప్లేనోలో డెంటిస్ట్. అసలు పేరూ, అసలు దేశమూ వేరే. ఒక ఫారిన్ స్పై రింగ్‌కి ఈ ఏరియా బాస్ వీడే."

"అనూప్ ఫాలో అవుతున్నది వీడినేనా?"

"అవును. వీడికి కావలసింది మాస్టర్ కీ. టెక్సాస్ పవర్ గ్రిడ్‌ని కంట్రోల్ చేసే కోడ్. అది వీడి చేతికొస్తే నడి ఎండాకాలంలో రాష్ట్రం మొత్తం కరెంటు ఆపేయొచ్చు. హాస్పిటల్స్, వాటర్ పంప్స్, ఏసీలు, అన్నీ."

"అమ్మేది ఎవరు?"

"అదింకా తెలీదు. ఎక్కడన్నది తెలుసు." ఆయన జేబులోంచి ఒక క్యాసినో చిప్ తీసి బల్ల మీద తిప్పారు. "ఒక్లహోమా బోర్డర్ దాటగానే నేటివ్ అమెరికన్ తెగవాళ్ళ సిల్వర్ హెరాన్ క్యాసినో. శనివారం మధ్యాహ్నం పోకర్ టేబుల్. ఆ కోడ్ ఉన్న మెమరీని ఇలాంటి చిప్‌లో దాచారు. అమ్మేవాడు తన చిప్స్‌తో కలిపి దాన్ని పాట్‌లో, అదే పందెం కుప్పలో పెడతాడు. హెల్లర్ ఆ పాట్ గెలుచుకుంటాడు. పైన ఇన్ని కెమెరాలున్నా ఎవరికీ అనుమానం రాదు."

పోకర్ బల్ల దగ్గర చిప్ చేతి నుంచి చేతికి ఇవ్వనివ్వరు. బల్ల మీంచి తీసి జేబులో వేసుకున్నా డీలర్ అడ్డు చెబుతాడు. ఒకరి చిప్ ఇంకొకరికి చేరాలంటే పాట్ ఒక్కటే దారి.

"నేనేం చేయాలి?"

"కూర్చుని చూడు. అంతే. చిప్ హెల్లర్ చేతికి వెళ్ళగానే రేష్మకి ఫోన్ చేసి 'సాంబార్ చల్లారిపోతోంది' అను. టీమ్‌తో బయట రెడీగా ఉంటుంది. వాడు తలుపు దాటగానే పట్టేస్తారు. హీరోయిజం వద్దు." ఆయన ఒక ఉంగరం ఇచ్చారు. "ఆ చిప్ దగ్గరికి వస్తే ఇది సన్నగా అదురుతుంది. ఇంకోటి. టేబుల్ దగ్గర వసంతలక్ష్మి ఉంటుంది. మన మనిషే. కానీ డబుల్ ఏజెంట్ కదా, పూర్తిగా నమ్మకు."

లేచి వెళ్ళబోతుంటే ఆయన వెనక నుంచి పిలిచారు.

"మల్లీ. బ్లైండ్‌లో చిన్న జత వస్తే?"

అనూప్ పోయాక మల్లికార్జున్ మొదటిసారి నవ్వాడు. "మూడో బోయీ రాలేదా, పల్లకి దించెయ్."

అది పద్మనాభం సొంత సామెత. ఫ్రిస్కోలో ఆయన ఇంటి డైనింగ్ టేబుల్ మీద, సరోజ ఆంటీ వేసిన పెసరట్లు తింటూ నేర్చుకున్న పాఠం. హోల్డెమ్ ఆటలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరుకి ఒకటి. డీలర్ బటన్ అనే తెల్లబిళ్ళ ఆట ఆటకీ ఒక మనిషి చొప్పున జరుగుతుంది. దానికి ఎడమ పక్కనున్న ఇద్దరూ ముక్కలు చూడకముందే గుడ్డిగా చిప్స్ పెట్టాలి. వాళ్ళే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్. లిమిట్ ఆటలో పందెం సైజు ముందే ఖాయం. ఉన్నదంతా ఒక్కసారి తోసి ఎవరినీ బెదరగొట్టలేరు.

"బ్లైండ్‌లో కూర్చున్నవాడు అందరికంటే ముందు నోరు విప్పాలిరా," అనేవారు పద్మనాభం. "వెనకున్నవాళ్ళు ఏం చేస్తారో తెలీదు. అలాంటి చోట రెండులో, మూడులో, నాలుగులో జత పడిందనుకో. ఎక్కువమంది దిగిన పాట్ అయితే చవగ్గా చూడు. మొదటి మూడు ముక్కల్లో నీ జతకి మూడోది వచ్చిందా, విరుచుకు పడు. రాకపోతే లేచిపో. ఇద్దరు బోయీలతో పల్లకి ఎంత దూరం మోస్తావు?"

మల్లికార్జున్ ఆ సూత్రాన్ని పేకాటలోనే కాదు, ఉద్యోగంలోనూ పాటించాడు. లెక్క తేడాగా ఉంటే వెనక్కి తగ్గేవాడు. తొమ్మిదేళ్ళుగా బతికి ఉన్నాడంటే అందుకే అని నమ్మేవాడు.

శనివారం మధ్యాహ్నం సిల్వర్ హెరాన్‌లోకి అడుగుపెట్టినప్పుడు అతని పేరు గోపాల్. బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ చేస్తూ వీకెండ్స్‌లో కార్డ్స్ కోసం డ్రైవ్ చేసి వచ్చే ఐటీ మనిషి. సోడాబుడ్డి కళ్ళజోడు, మెడలో తీయడం మర్చిపోయిన బ్యాడ్జ్, ఫ్లీస్ జాకెట్ మీద కెచప్ మరక.

బల్ల చుట్టూ తొమ్మిది మంది. హెల్లర్ తెల్లటి పళ్ళతో అందరినీ చూసి నవ్వుతున్నాడు. ఎదురుగా చిలకాకుపచ్చ కంచిపట్టు చీర, చెవులకి ఏడు రాళ్ళ దుద్దులు. యాభై ఎనిమిదేళ్ళ వసంతలక్ష్మి. ఆమె చిప్స్ ముందుకి తోస్తే గాజుల చప్పుడుకి పక్క టేబుల్ వాళ్ళు కూడా తిరిగి చూస్తున్నారు. ఫ్రిస్కోలో సగం తెలుగువాళ్ళకి ఇళ్ళు చూపించిన రియల్టర్ ఆవిడే. ఏ ఇంజనీర్ ఏ కంపెనీలో ఏం చేస్తాడో, ఎవరింట్లో గొడవలున్నాయో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆ కబుర్లన్నీ ఒకప్పుడు హెల్లర్‌కి మోసేది. రెండేళ్ళ కిందట పద్మనాభానికి దొరికిపోయి ఇటువైపు తిరిగింది.

హెల్లర్ మనుషులిద్దరు తలుపు దగ్గర స్లాట్ మెషీన్లు ఆడుతున్నట్టు నటిస్తున్నారు.

గంట గడిచింది. ఉంగరం ఒక్కసారి కూడా అదరలేదు.

ఒక ఆటలో మల్లికార్జున్ బిగ్ బ్లైండ్‌లో ఉండగా మూడుల జత వచ్చింది. ఒకరు పెంచారు, నలుగురు కలిశారు. అంతమంది ఉన్నప్పుడు చూడొచ్చు. అతనూ కలిశాడు. బల్ల మీద రాజు, రాణి, తొమ్మిది పడ్డాయి. మూడు రాలేదు. పందెం తన దాకా రాగానే ముక్కలు డీలర్ వైపు తోసేశాడు. తోసేటప్పుడు ఒక ముక్క అంచు తిరగబడింది. ఇస్పేటు మూడు.

హెల్లర్ అది చూశాడు. సరదాగా, ఇంగ్లీషులో అన్నాడు.

"మూడో బోయీ రాలేదా మిత్రమా? పల్లకి దించేశావు."

బల్ల దగ్గరున్న అమెరికన్లకి ఆ ముక్క అర్థం కాలేదు. ఒకడు పల్లకి అంటే ఏంటని అడిగాడు కూడా. హెల్లర్ భుజాలెగరేశాడు.

మల్లికార్జున్ చిప్స్ సర్దుతూ తల దించుకున్నాడు. ప్లేనో డెంటిస్ట్ నోటికి పల్లకి ఎక్కడిది?

అనూప్ ఎప్పుడైనా నోరు జారాడేమో అనుకున్నాడు. అనూప్‌కి అసలు పోకర్ రాదు. రెండోసారి ఆలోచించడానికి భయమేసి ఐదారు ఆటలు ఊరికే ముక్కలు పారేశాడు. ఇక కూర్చోలేక లేచాడు. "బాత్‌రూమ్," అన్నాడు డీలర్‌తో.

కాఫీ మెషీన్ దగ్గర మలుపులో గాజుల చప్పుడు వినిపించింది.

"బాబూ, నన్ను చూడకు. కాఫీ పోసుకుంటున్నట్టు ఉండు," అంది వసంతలక్ష్మి. "బయట మీవాళ్ళు ఎవరూ లేరు."

"మిమ్మల్ని నమ్మొద్దని చెప్పారు ఆంటీ."

"చెప్పకుండా ఎలా ఉంటాడు! నేను ఆయనకి ఏం చెప్పినా వారం తిరక్కుండా హెల్లర్ నోట వింటున్నాను. మొదట యాదృచ్ఛికం అనుకున్నా. తర్వాత కావాలని ఒక అబద్ధం చెప్పి చూశాను. అదీ వచ్చింది. అనూప్‌కి చెప్పాను. పిచ్చి పిల్లాడు, నా మాట నమ్మాడు కానీ ఆయన్నీ నమ్మాడు. ఏదో పొరపాటు అయ్యుంటుంది, సర్‌నే అడిగేస్తా అన్నాడు. శుక్రవారం అడిగాడు. శనివారం పోయాడు."

మల్లికార్జున్ కప్పు పక్కన పెట్టాడు. ఫోన్ తీసి రేష్మ నంబర్ నొక్కాడు. వెనక పిల్లల కేకలు, విజిల్ వినిపించాయి.

"సాంబార్ చల్లారిపోతోంది," అన్నాడు.

"మల్లీ? ఏంటిది? రోహన్‌ని సాకర్‌కి తీసుకొచ్చాను. ఆపరేషన్ క్యాన్సిల్ కదా! పొద్దున్నే సర్ ఫోన్ చేసి అందరినీ స్టాండ్ డౌన్ చేశారు. నీకు చెప్పానన్నారే?"

ఆపరేషన్ క్యాన్సిల్ అయిందట. అతను మాత్రం ఇక్కడ, సోడాబుడ్డి కళ్ళజోడుతో, ఒంటరిగా ఉన్నాడు.

"రేష్మా, విను. సర్‌కి ఫోన్ చేయకు. ఇంకెవరినీ అడగకు. ఇక్కడి ట్రైబల్ పోలీస్‌కి ఫోన్ చేసి క్యాసినో తలుపులన్నీ కవర్ చేయించు. నువ్వు బయల్దేరు. ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర డ్రైవ్. పోలీసులు రావడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. మల్లీ, ఏం జరుగుతోంది?"

"తెలిస్తే చెప్తాను," అని పెట్టేశాడు.

"అంతసేపు ఆగరు," అంది వసంతలక్ష్మి. "ఇంకో రెండు మూడు ఆటల్లో అయిపోతుంది. అమ్మేది కృష్ణమోహన్, గ్రిడ్‌లో ఇంజనీర్. నీకు కుడి పక్కన కూర్చున్న బ్లూ షర్ట్. చిప్స్ పేర్చేటప్పుడు ఒకటి మాత్రం ఎప్పుడూ అడుగున ఉంచుతున్నాడు. గమనించు."

"ఉంగరం అదరలేదే!"

"ఆ ఉంగరం ఇచ్చిందెవరు నాయనా?"

అతను ఉంగరం తీసి చెత్తబుట్టలో పడేశాడు.

తిరిగొచ్చి కూర్చున్నాక బల్ల అంతా కొత్తగా కనిపించింది. కృష్ణమోహన్‌కి నలభై అయిదేళ్ళుంటాయి. కాలర్ చెమటతో తడిసి ఉంది. వేళ్ళు చిప్స్ దొంతర అడుగు మీదే ఉన్నాయి. హెల్లర్ మల్లికార్జున్‌కి ఎడమ పక్క. ఇద్దరి మధ్యా తను.

మొదటి ఆట మామూలుగా గడిచింది. రెండో ఆటకి తెల్లబిళ్ళ కృష్ణమోహన్ ముందుకి వచ్చింది. మల్లికార్జున్ స్మాల్ బ్లైండ్, హెల్లర్ బిగ్ బ్లైండ్. ముక్కలు పంచారు. మల్లికార్జున్ బొటనవేలితో అంచులు లేపి చూశాడు.

నాలుగుల జత.

అటునుంచి ఒక్కొక్కరే ముక్కలు పారేస్తూ వచ్చారు. వసంతలక్ష్మి కూడా పారేసింది. కృష్ణమోహన్ పందెం పెంచాడు. పెంచేటప్పుడు దొంతర మొత్తం ఎత్తి అడుగున ఉన్న చిప్‌ని ముందుకి జరిపాడు. అది పాట్‌లో పడింది.

పద్మనాభం నేర్పిన లెక్క ప్రకారం ఇక్కడ ఒక్కటే సమాధానం. ఎదురుగా ఇద్దరే. మూడో నాలుగు ఏ ఎనిమిది తొమ్మిది ఆటల్లోనో ఒకసారి వస్తుంది. వచ్చినా అందుకు తగినంత ఇచ్చేవాళ్ళు లేరు. పైగా ప్రతి రౌండులో తనే ముందు మాట్లాడాలి. పారేయాలి.

వాళ్ళు ఎదురుచూస్తున్నదీ అదే. తను పారేస్తే హెల్లర్, కృష్ణమోహన్ ఇద్దరే మిగులుతారు. నాలుగు నిమిషాల్లో చిప్ చేతులు మారుతుంది. పోలీసులు వచ్చేసరికి హెల్లర్ హైవే ఎక్కేస్తాడు.

"కాల్," అన్నాడు మల్లికార్జున్, ఆ పందేనికి సరిపడా చిప్స్ పెట్టి.

హెల్లర్ తల తిప్పి అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. వెంటనే పందెం పెంచాడు. కృష్ణమోహన్ మళ్ళీ పెంచాడు. మల్లికార్జున్ కలిశాడు.

బల్ల మీద మూడు ముక్కలు తెరిచారు. రాజు, జాకీ, ఎనిమిది.

నాలుగు రాలేదు. పైగా మూడూ తన జతకంటే పెద్దవి. పల్లకి దించాల్సిన చోటు ఇదే. మల్లికార్జున్ చెక్ అన్నాడు. అంటే పందెం వేయకుండా వంతు వదిలాడు. హెల్లర్ పందెం వేశాడు, కృష్ణమోహన్ పెంచాడు, వంతు తిరిగి తన దగ్గరికి వచ్చింది. రోకటికీ రోలుకీ మధ్య చిక్కినట్టయింది. లిమిట్ ఆట కాబట్టి ఒక్క దెబ్బకి తోసేయలేరు. అందుకే ఇటొకటి అటొకటి వేసి దంచుతున్నారు.

చెయ్యి ముక్కల మీద పెట్టి ఆలోచించాడు. ఇన్నేళ్ళ అలవాటు వేళ్ళని ముందుకి తోస్తోంది, పారేయమని. 'లేచిపోరా' అని ఆయన గొంతే చెవిలో వినిపిస్తోంది. ఆ గొంతు మీద ఒక్కసారిగా అసహ్యం కలిగింది.

అప్పుడు తట్టింది. వీళ్ళిద్దరికీ ముక్కలతో పనే లేదు. చిప్ చేతులు మారాలి, అంతే. ఏ ముక్కలు వచ్చినా ఈ ఆట ఆడేవాళ్ళే. అలాంటప్పుడు రాజో జాకీయో వాళ్ళ చేతిలో ఉందని ఎందుకు భయపడాలి? ఇంత గట్టిగా పెంచుతున్నది తమ ముక్కలని నమ్మి కాదు. గోపాల్ అనేవాడు పారేస్తాడని ఎవరో ఇచ్చిన హామీని నమ్మి.

"కాల్," అన్నాడు.

కృష్ణమోహన్ మెడ మీద చెమట ధారకట్టింది. నాలుగో ముక్కగా రెండు పడింది. పందెం ఇప్పుడు రెట్టింపు. మళ్ళీ అదే దంపుడు. మల్లికార్జున్ ముందున్న దొంతరలు కరిగిపోతున్నాయి. వసంతలక్ష్మి గాజులు కదలడం మానేశాయి. డీలర్ ఆఖరి ముక్క తిప్పింది. ఆరు.

మల్లికార్జున్ చెక్ అన్నాడు. హెల్లర్ పందెం వేశాడు. కృష్ణమోహన్ తన పని అయిపోయినట్టు ముక్కలు పారేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక మిగిలింది మల్లికార్జున్ ఒక్కడే.

"స్నేహితుడా," అన్నాడు హెల్లర్ మెల్లగా, "నీకు ఎవరూ నేర్పలేదా, ఎప్పుడు వదిలేయాలో?"

"నేర్పారు," అన్నాడు మల్లికార్జున్. "కాల్."

హెల్లర్ కదల్లేదు. డీలర్ "షో" అంది. హెల్లర్ కదల్లేదు. రెండోసారి అడిగాక ముక్కలు తిప్పాడు. ఆసు, అయిదు. బల్ల మీద దేనితోనూ జత కలవలేదు.

మల్లికార్జున్ నాలుగులు రెండూ పక్కపక్కన పెట్టాడు. మూడో నాలుగు రాకుండానే, ఆ బుల్లి జతే పాట్ గెలిచింది. డీలర్ రెండు చేతులతో చిప్స్ కుప్పని అతని ముందుకి తోసింది. కుప్పలో ఎక్కడో ఎండాకాలం మొత్తం ఉంది.

ఇప్పుడవి అందరి కళ్ళ ముందు, కెమెరాల కింద, న్యాయంగా అతనివి. ముట్టుకోవాలంటే హెల్లర్ గొడవ చేయాలి. గొడవ చేస్తే దొరికిపోతాడు. అది హెల్లర్‌కి అర్థమైంది. లేచి, తెల్లటి పళ్ళన్నీ చూపిస్తూ కుడి చెయ్యి చాచాడు.

"బాగా ఆడావు. అభినందనలు."

మల్లికార్జున్ చెయ్యి సగం లేచింది. అనూప్ అరచేతి మధ్యలో ఎర్రటి చుక్క గుర్తొచ్చింది. సగం లేచిన చేతికి రెండో చేతిని కలిపి, వంగి, నిండుగా నమస్కారం పెట్టాడు.

"మా పద్ధతి ఇది డాక్టర్ గారూ."

చాచిన చెయ్యి గాలిలో ఉండిపోయింది. వేళ్ళ మధ్య వెంట్రుకంత సూది తళుక్కుమంది. మల్లికార్జున్ వెనక్కి జరిగితే అతను మీదకి రాబోయాడు. ఈలోపే కాఫీ కప్పుతో బల్ల చుట్టూ తిరిగి వచ్చిన వసంతలక్ష్మి, ఒక కుర్చీని సరిగ్గా అతని మోకాళ్ళకి అడ్డంగా తోసింది. "అయ్యో, సారీ డాక్టర్!" అని కాఫీ కప్పంతా అతని చేతి మీద ఒలకబోసింది. సెక్యూరిటీ వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. రభస ఇంకా సద్దుమణగకముందే తలుపు దగ్గర యూనిఫామ్‌లు కనిపించాయి. స్లాట్ మెషీన్ల దగ్గరి ఇద్దరూ చేతులెత్తేశారు. కృష్ణమోహన్ కూర్చున్నచోటే ఏడవడం మొదలుపెట్టాడు.

ఆదివారం ఉదయం ఫ్రిస్కోలో పద్మనాభం ఇంటి ముందు రెండు కార్లు ఆగాయి. రేష్మ స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండా, "పది నిమిషాలు. తర్వాత మేం వస్తాం," అంది.

తలుపు తీసింది సరోజ ఆంటీ. "మల్లీ! అదేంటి ఆ మొహం, నిద్ర లేదా? రా, ఉప్మా వేడిగా ఉంది." ఆమెకి ఏమీ తెలీదని ఆ గొంతు వింటేనే తెలిసిపోయింది. అతను ఆమె మొహం చూడలేక చెప్పులు విప్పడానికి వంగాడు.

పద్మనాభం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. మల్లికార్జున్‌ని చూడగానే అంతా అర్థమైనట్టు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఎందుకు అంకుల్?"

వంటింట్లో గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"రెండు వేల ఒకటి నవంబర్‌లో, టవర్లు కూలిన రెండు నెలలకి, నన్ను ఒక గదిలో కూర్చోబెట్టారు. పాలిగ్రాఫ్, అబద్ధాలు పట్టే మెషీన్. నేను ట్రెయిన్ చేసిన కుర్రాడే నన్ను అడిగాడు, మీ లాయల్టీ ఎవరికి అని. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇరవై అయిదేళ్ళు ఈ దేశం కోసం పనిచేశానురా. సారీ అని ఒక్కడు అనలేదు. నేను వాళ్ళని మోసం చేయకముందే వాళ్ళు నన్ను మోసం చేశారు."

"అనూప్ చేశాడా ఆ మోసం?"

ఆయన కిటికీ వైపు చూశారు.

"వాడు శుక్రవారం మీ దగ్గరికి వచ్చాడు. మిమ్మల్ని నమ్మి వచ్చాడు. మీరు కాఫీ ఇచ్చి ఉంటారు."

"వాడి విషయం నాకు తర్వాతే తెలిసింది. అంత దూరం వెళ్తారనుకోలేదు."

"తెలిసిన తర్వాతే కదా నన్ను పంపింది!"

"నువ్వు చావకూడదనే పంపాను!" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. వంటింట్లో గరిటె ఆగింది. ఆయన గొంతు తగ్గించారు. "సెక్షన్ నుంచి ఎవరినీ పంపకపోతే వాషింగ్టన్‌కి అనుమానం వస్తుంది. ఇంకెవడైనా అయితే గొడవ చేసి ప్రాణం మీదకి తెచ్చుకునేవాడు. నువ్వు చేయవు. నువ్వు లెక్క చూసుకుని వదిలేస్తావు. నీకు ఏమీ కాదని హెల్లర్ దగ్గర మాట తీసుకున్నాను. పారేసి ఉంటే నీ దారిన నువ్వు ఇంటికి వచ్చేసేవాడివి."

మల్లికార్జున్ కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. పల్లకి మాట విన్నప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. ఇన్నేళ్ళూ తనకి జాగ్రత్త నేర్పుతున్నారనుకున్నాడు. ఈ మనిషి తనని ఎంచుకున్నది తెలివి చూసి కాదు, ధైర్యం చూసీ కాదు. లేచిపోతాడన్న గ్యారంటీ చూసి.

"నాన్న పోయినప్పుడు మీరు నా భుజం మీద చెయ్యి వేశారు," అన్నాడు. "ఆ చెయ్యి ఇప్పటిదాకా ఉందనుకున్నాను."

సరోజ ఆంటీ రెండు ప్లేట్లతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమైందండీ?" అంది భర్తతో. బయట కారు తలుపులు వేసిన చప్పుడు వినిపించింది.

మల్లికార్జున్ ఆమె చేతిలోంచి ఒక ప్లేటు తీసుకున్నాడు. నిలబడే మొత్తం తిన్నాడు. మెతుకు మిగల్చలేదు. ఆమె వంటకి అవమానం జరగకూడదన్న ఆలోచన ఒక్కటే అతనికి ఆ క్షణాన పట్టుగా దొరికింది. రేష్మ లోపలికి వచ్చాక ప్లేటు సింక్‌లో పెట్టి, వెనక తలుపులోంచి బయటికి నడిచాడు.

మూడు వారాల తర్వాత వాషింగ్టన్ నుంచి పిలుపు వచ్చింది. మెడల్ ఇస్తారని రేష్మ పందెం కట్టింది. కిటికీలు లేని గది. ఒక కుర్చీ, వైర్లు, మెషీన్. పద్మనాభం పెంచిన మనిషి కాబట్టి, రొటీన్‌గా కొన్ని ప్రశ్నలు అన్నారు. ఎదురుగా పాతికేళ్ళ కుర్రాడు, కొత్త టై.

మల్లికార్జున్ ఆ వైర్లని చూశాడు. లేచిపోవచ్చు. రాజీనామా రాసి ఇచ్చి ఇంటికి వెళ్ళిపోవచ్చు. అతను జాకెట్ తీసి కుర్చీకి తగిలించి, కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు.

"ముందు ఈజీ క్వశ్చన్ సర్," అన్నాడు కుర్రాడు. "మీ పేరు?"

చెప్పాడు.

కుర్రాడు మెషీన్ వైపు చూసి, పెన్ను పట్టుకుని, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పమన్నాడు. మల్లికార్జున్ ఓపికగా చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఎన్నో దొంగ పేర్లు చెప్పాడు కానీ, ఒక్కదానికీ ఎవరూ స్పెల్లింగ్ అడగలేదు.